సవరణ: వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ ప్రవేశాల గురించి

వరంగల్, హనుమకొండ డిగ్రీ విద్యార్థుల కోసం నేను ఇంతకుముందు రాసిన పోస్టులో, తెలంగాణ పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్ ఒక్కటి రాస్తే కాకతీయ విశ్వవిద్యాలయంతో పాటు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ వృక్షశాస్త్ర ఎమ్మెస్సీలో చేరవచ్చని పేర్కొన్నాను. అది తప్పు. సీపీగెట్ కాకతీయ, ఉస్మానియా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సంబంధించినది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం (సెంట్రల్ యూనివర్సిటీ) కేంద్రీయ సంస్థ కనుక, అక్కడి ప్లాంట్ బయాలజీ, బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి జాతీయ స్థాయి పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాయాలి. ఈ తేడా చిన్నది కాదు. సీయూఈటీ పీజీ 2024లోనూ, 2025లోనూ మార్చిలోనే మొదలైంది, దరఖాస్తుల గడువు అంతకంటే ముందే ముగిసింది. నా మాట నమ్మి ఆ తర్వాత జరిగే సీపీగెట్ కోసం ఎదురుచూసిన విద్యార్థికి ఒక ఏడాది చేజారిపోతుంది. అందుకు మనస్ఫూర్తిగా క్షమాపణ కోరుతున్నాను.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌ను కూడా ఎమ్మెస్సీ చదవదగిన చోట్ల జాబితాలో చేర్చాను. జొన్న, శనగ, కంది, వేరుశనగ వంటి మెట్ట పంటలపై పనిచేసే ఆ పరిశోధన సంస్థ పట్టాలు ఇవ్వదు. విశ్వవిద్యాలయంలో చేరినవారు తమ గైడ్ అనుమతితో అక్కడ ప్రాజెక్టు పనికి ప్రయత్నించవచ్చు. కాకతీయలో చేరదలచినవారికి ఇది నిజంగా ఆలోచించదగిన దారి అని నా అభిప్రాయం.