గణితానికీ కణజీవశాస్త్రానికీ ఒకే కటాఫా?

ఒక ఎంపిక కమిటీ నోటీసు ఇప్పుడే చూశాను. ఏ శాఖైనా సరే, పరిశోధకుల పేపర్లను ఇతరులు ఎంతగా ఉదహరించారో చెప్పే అంకె, అదే హెచ్-ఇండెక్స్, కనీసం 15 ఉంటేనే దరఖాస్తు పరిశీలిస్తారట. గణితానికీ 15, చరిత్రకీ 15, కణజీవశాస్త్రానికీ 15! చదివినప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది.

హెచ్-ఇండెక్స్ లెక్క చాలా చిన్నది. పేపర్లను సైటేషన్లు (వేరే పేపర్లు వాటిని ఉదహరించిన సార్లు) ఎక్కువున్నవాటి నుంచి తక్కువున్నవాటికి వరసగా పేర్చాలి. 15వ పేపరుకు కనీసం 15 సైటేషన్లుండి, 16వ దానికి 16 లేకపోతే హెచ్ 15. అంతే. ఐదే పేపర్లు రాసి, ఒక్కోదానికి వెయ్యేసి సైటేషన్లు తెచ్చుకున్న మనిషికి హెచ్ 5 దాటదు. గణితవేత్త పెరెల్మాన్ 2002–03లో, ఎన్నో ఏళ్లుగా తేలని పాయింకరే ప్రతిపాదన నిరూపణను 3 పేపర్లుగా, జర్నల్‌కన్నా ముందే పేపర్లు పెట్టుకునే ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో పెట్టి ఊరుకున్నారు, ఏ జర్నల్‌కీ పంపలేదు. ఆ మూడింటితో వచ్చే హెచ్ మహా అయితే 3. ఆ పనికి గణితంలో అత్యున్నత బహుమతుల్లో ఒకటైన ఫీల్డ్స్ మెడల్ ప్రకటించారు. ఈ కమిటీ మాత్రం ఆ ఫైలు తెరవనే తెరవదు.

ఈ కొలతను 2005లో ప్రతిపాదించిన హోర్హే హిర్ష్ భౌతికశాస్త్రవేత్త. జీవశాస్త్రాల్లో ఈ అంకె భౌతికశాస్త్రంలో కంటే ఎక్కువగా ఉంటుందని ఆ పేపర్‌లోనే రాశారు. ఎందుకుండదు? అక్కడ ఒక్కో పేపర్ చివర ఉదహరించే పాత పేపర్లు ఎక్కువ, రాసేవాళ్లూ ఎక్కువ, ఉదహరించడమూ త్వరగా జరుగుతుంది. గణితంలో రిఫరెన్సులే తక్కువ. మంచి సిద్ధాంతాన్ని జనం గుర్తించేసరికే ఏళ్లు పడుతుంది. చరిత్రలో అసలు పని పుస్తకాల్లో ఉంటుంది. సైటేషన్లు లెక్కపెట్టే డేటాబేస్‌లైన స్కోపస్‌లోనూ వెబ్ ఆఫ్ సైన్స్‌లోనూ పుస్తకాలు అరకొరగానే ఎక్కుతాయి. కంప్యూటర్ సైన్స్‌లో గట్టి పని ముందు కాన్ఫరెన్సుల్లో వస్తుంది, జర్నళ్లు మాత్రమే లెక్కపెడితే అదీ గల్లంతే.

ఇంకో సంగతి. ఆ 15 ఎక్కడి 15? ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక అంకె, స్కోపస్‌లో ఇంకో అంకె వస్తాయి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లూ, జర్నల్‌లో ఇంకా రాని ప్రీప్రింట్లూ అన్నీ కలుపుకుంటుంది. ఒకే పేరున్న ఇద్దరి పేపర్లు ఒకే ప్రొఫైల్‌లోకి వచ్చి పడటమూ మామూలే. ప్రతి పరిశోధకుడికీ విడిగా ఉండే ఆర్కిడ్ (ORCID) నంబరుతో సరిచూడమని నోటీసులో ఒక్క ముక్క లేదు.

వేర్వేరు రంగాల వాళ్లను పోల్చక తప్పదంటారా, దానికి పద్ధతి ఉంది. ప్రతి పేపర్‌నూ అదే రంగంలో, అదే ఏడాది వచ్చిన, అదే రకం పేపర్ల సగటుతో భాగించండి. పరిశోధన వ్యాసాన్ని అలాంటి వ్యాసంతోనే పోల్చాలి, పాత పనులన్నిటినీ సమీక్షించే రివ్యూతో కాదు. రివ్యూలకు సైటేషన్లు ఎప్పుడూ ఎక్కువే. ఉదాహరణకు గణితంలో సగటు 6 అనుకుంటే, 9 వచ్చిన పేపర్ విలువ 1.5. జీవశాస్త్రంలో సగటు 40 అనుకుంటే, 30 వచ్చినది 0.75. మామూలు లెక్కలో 30 గెలిచింది, సరైన లెక్కలో 9 గెలిచింది. అయితే ఒక మనిషికి పదీ పన్నెండు పేపర్లే ఉన్నప్పుడు ఈ విలువల సగటును ఒక్క పేపరే పైకి లేపేయగలదు. అందుకే తమ రంగంలో ఎక్కువ సైటేషన్లున్న పై 10 శాతంలో ఎన్ని పేపర్లున్నాయో చూడటం మేలు. వచ్చి రెండు మూడేళ్లే అయిన పేపర్ల మీద ఈ లెక్కలేవీ నిలబడవు.

అసలు నాకు ఇంతకన్నా పాత కోపం ఒకటుంది, రచయితల సంఖ్య. 2015లో హిగ్స్ కణం ద్రవ్యరాశి మీద సెర్న్ ప్రయోగశాలలోని కణ త్వరణ యంత్రం దగ్గర పనిచేసే అట్లాస్, సీఎంఎస్ బృందాలు కలిసి వేసిన పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. అంత పెద్ద యంత్రానికి అంతమందీ కావాలి, వాళ్ల కష్టాన్ని నేను కాదనను. కానీ హెచ్-ఇండెక్స్ ఆ పేపర్‌ను 5,154 మందికీ ఒక్కొక్కరికి పూర్తిగా ఇస్తుంది. ఏళ్లపాటు ఒంటరిగా కూర్చుని ఒక నిరూపణ పూర్తిచేసిన మనిషికీ సరిగ్గా అంతే ఇస్తుంది. రచయితల సంఖ్యతో భాగించి పంచే లెక్క ఎప్పటి నుంచో ఉంది, వాడరెందుకు? పేర్ల వరసను బట్టి మార్కులు వేసే కమిటీలు మరీ ఘోరం. జీవశాస్త్రంలో చివరి పేరు ల్యాబ్ అధిపతిది, గణితంలో పేర్లు అక్షరక్రమంలో వస్తాయి. ఇంటిపేరు మొదటి అక్షరానికి మార్కులేమిటండీ!

పరిశోధనను ఎలా అంచనా వేయాలో చెబుతూ 2013లో వచ్చిన డోరా ప్రకటన, 2015లో నేచర్ పత్రికలో వచ్చిన లైడెన్ మానిఫెస్టో ఈ మాటలు ఎప్పుడో చెప్పాయి. అభ్యర్థి ఎంచుకున్న 5 పనులు, ఒక్కోదాని మీద పది వాక్యాలు అడగండి. అదే రంగం తెలిసిన ఇద్దరితో చదివించండి. దరఖాస్తుల గడువు ఇంకా ముగియలేదు, ముందు ఆ 15ను నోటీసులోంచి కొట్టేయండి.