పావుగంట రొయ్యల నూడుల్స్‌పై శ్వేతపత్రం

కాలాన్ని కొలవడానికి మనిషి సెకను, నిమిషం, గంట అని పెట్టుకున్నాడు. వంటల వాళ్లు వీటికి ఇంకోటి కలిపారు: పావుగంట. ఇది గడియారంలో కనిపించే పావుగంట కాదు. గడియారంలోది ఎప్పటికో అయిపోతుంది. వంటల వాళ్లది ఎంతసేపటికీ మొదలే కాదు. "కేవలం పావుగంటలో చైనీస్ స్టైల్ రొయ్యల నూడుల్స్" అన్న మాటలో రొయ్యలు నిజం, నూడుల్స్ నిజం, చైనీస్ కొంతవరకు నిజం. పావుగంట మాత్రం శుద్ధ సాహిత్యం.

ఈ విషయంలో ప్రజలను ఇంకెంతకాలం చీకట్లో ఉంచుతారన్నదే ఈ వ్యాసకర్త ప్రశ్న. పావుగంట ఎక్కడి నుంచి లెక్క? స్టవ్ వెలిగించినప్పటి నుంచి, అంటారు. మరి అంతకుముందు జరిగిన పని? అది కావలసిన పదార్థాల పట్టికలోనే చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. ఏదో ఒక పట్టిక తీసి చదవండి. పొట్టు తీసి శుభ్రం చేసిన రొయ్యలు అరకిలో. సన్నగా తరిగిన అల్లం, వెల్లుల్లి. సన్నగా, పొడుగ్గా కోసిన క్యారెట్. ఉడికించి, నీళ్లు వంపి, ఆరబెట్టిన నూడుల్స్. ఎవరు తీశారు? ఎవరు తరిగారు? ఎవరు వంపారు? వంట మొదలయ్యే వేళకి ఎవరో పుణ్యాత్ముడు వంటింట్లోకి వచ్చి, పనంతా చేసిపెట్టి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయాడని మనం నమ్మాలి. నమ్మి స్టవ్ వెలిగించాలి.

ముందు రొయ్యల లెక్క తేలుద్దాం. ప్యాకెట్ మీద 31/40 అని ఉందంటే పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు, 31 నుంచి 40 రొయ్యలు తూగుతాయని అర్థం. మధ్యరకంగా 35 అనుకుందాం. తల ముందే తీసేసి ఉంటుంది, ఆ మేరకు కృతజ్ఞతలు. ఇప్పుడు ఒక రొయ్యను చేతిలోకి తీసుకోండి. కాళ్ల వైపు నుంచి బొటనవేలు దూర్చి పొట్టు విప్పాలి. సగం దాకా బుద్ధిగానే వస్తుంది. తోక దగ్గరికి వచ్చేసరికి మొండికేస్తుంది. తోక మొదట్లో నొక్కిపట్టి లాగితే మాంసం మొత్తం చక్కగా బయటికి రావచ్చు, సగం పొట్టులోనే ఉండిపోనూ వచ్చు. ఆ తర్వాత వీపు మీద కత్తి మొనతో చిన్న గాటు పెట్టి, లోపలి నల్లటి దారాన్ని పైకి తీయాలి. దాన్ని నరం అంటారు గానీ అది రొయ్య పేగు. మధ్యలో తెగితే మళ్లీ వెతుకులాట. తెగకుండా తోక దాకా ఒకే పోగుగా వచ్చిందంటే ఎవరినైనా పిలిచి చూపించాలనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే వంటింటి దరిదాపుల్లో ఎవరూ ఉండరు.

చేయి తిరిగినవాళ్లకు ఒక్కో రొయ్యకు అర నిమిషం వేసుకున్నా, 35 రొయ్యలకు పదిహేడున్నర నిమిషాలు. అంటే స్టవ్ వెలిగించకముందే వంట పూర్తయిపోయి రెండున్నర నిమిషాలు దాటింది. ఈ లెక్క కట్టడానికి విచారణ కమిషన్ అక్కర్లేదు, ఎక్కాలు వస్తే చాలు. అయినా ఇంతవరకు ఎవరూ కట్టలేదంటే దాన్ని అమాయకత్వం అనుకోవాలా, కుట్ర అనుకోవాలా? ఒలిచిన రొయ్యలే కొనుక్కోవచ్చు కదా అని కొందరు మేధావులు అడుగుతారు. కొనుక్కోవచ్చు. ఆమాటకొస్తే వండిన నూడుల్సే కొనుక్కోవచ్చు. అప్పుడు ఆ పావుగంట కూడా దండగే.

రొయ్యలు ఒలవగానే వంట మొదలవుతుందనుకుంటే పొరపాటు. వాటికి కాస్త ఉప్పు, తినే సోడా పట్టించి పక్కన పెట్టాలన్నది చైనా వంటవాళ్ల చిట్కా. అరకిలోకు పావు టీస్పూను సోడా చాలు. ఆ క్షారం వల్ల రొయ్యలోని ప్రొటీన్లు వేడికి మరీ బిగుసుకుపోవు, నీరు లోపలే నిలుస్తుంది, కొరికితే పంటి కింద టక్కున విరుగుతుంది. చిట్కా మంచిదే, బాగా పనిచేస్తుంది కూడా. అభ్యంతరమల్లా దాన్ని లెక్కరాసే పద్ధతి మీద. పావుగంట నుంచి అరగంట దాకా పట్టే ఈ కార్యక్రమాన్ని "విశ్రాంతి సమయం" అని వేరే పద్దులో చూపిస్తారు. రొయ్యకు అరగంట విశ్రాంతి రాసిచ్చిన మహానుభావులు వండేవాళ్లకు అర నిమిషం కూడా రాయలేదు. రొయ్య హాయిగా గిన్నెలో పడుకుని ఉంటే మనం క్యారెట్ కోయాలి, క్యాబేజీ తరగాలి, వెల్లుల్లి ఒలవాలి, ఉల్లికాడల తెల్లభాగం ఒక గిన్నెలో, పచ్చభాగం ఇంకో గిన్నెలో వేయాలి. పుట్టినప్పటి నుంచి కలిసున్నవాటిని ఇలా విడదీయడం దేనికంటే తెల్లవి ముందు వేగాలి, పచ్చవి చివర్లో పడాలి. కారణం సబబే. గిన్నెలు మాత్రం రెండు.

ఆ తర్వాత సోడా పోయేలా కడిగి రొయ్యలను శుభ్రంగా తుడవాలి. అవును, తుడవాలి. నీళ్లలో పుట్టి నీళ్లలో పెరిగిన జీవికి ఒళ్లు తుడవడమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ తడి ఉన్నంతసేపూ మూకుడులోని వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయిపోతుంది. రొయ్య పైభాగం వంద డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అది వేగి, ఎర్రబడి, కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 డిగ్రీలు దాటాలి. ప్రొటీన్లూ చక్కెరలూ వేడిలో కలిసి చేసే ఈ రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లోనే వివరించాడు. వందేళ్లు దాటినా మన వంటిళ్లలో రొయ్యలు ఇంకా తమ నీళ్లలో తామే ఉడుకుతున్నాయి. కారణం సైన్సు తెలియక కాదు, తుడిచే ఓపిక లేక.

నూడుల్స్ దగ్గర చరిత్ర కూడా మనకు ఎదురుతిరుగుతుంది. చైనాలో పసుపు నది ఎగువన లాజియా అనే చోట తవ్వకాల్లో, బోర్లాపడిన మట్టిగిన్నె కింద నూడుల్స్ దొరికాయి. వాటి వయసు సుమారు 4,000 ఏళ్లు. 2005లో 'నేచర్' పత్రికలో ఆ వివరాలు వచ్చాయి. అవి కొర్రలు, వరిగలతో చేసినవన్నారు. ఆ పిండి అంత పొడుగ్గా ఎలా సాగిందని తర్వాత శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. వాదించుకోవాల్సింది దాని గురించి కాదని నా మనవి. మూడు మీటర్ల మట్టి కింద నాలుగు వేల ఏళ్లున్నా ఆ నూడుల్స్ పోగులు పోగులుగా కనిపించాయే, మరి మనవి చిల్లుల గిన్నెలో నాలుగు నిమిషాలకే ఎందుకు ఒకే ముద్దగా ఏకమవుతాయి? పైనున్న గంజి వల్ల, అంటారు తెలిసినవాళ్లు. ప్యాకెట్ మీద చెప్పినదానికన్నా ఒక నిమిషం ముందే దించి, చన్నీళ్లతో గంజి పోయేలా కడిగి, చెంచాడు నూనె కలిపి, పరిచి ఆరబెట్టాలి. ఎంతసేపు? తడి ఆరేదాకా. దీన్ని కూడా ఏ పద్దులోనూ చూపించరు.

నిజంగా త్వరగా అయ్యే నూడుల్స్ ఒకటుంది. జపాన్‌లో మోమోఫుకు ఆండో 1958లో తెచ్చిన ఇన్‌స్టంట్ నూడుల్స్. నూడుల్స్‌ను ముందే ఉడికించి, నూనెలో వేయించి, తడంతా పోగొట్టాడు. నీరు పోయిన చోటల్లా సన్నని బొరియలు మిగిలాయి. వేడినీళ్లు పోయగానే అవి ఆ బొరియల్లోకి దూరి, రెండు మూడు నిమిషాల్లో నూడుల్స్ మెత్తబడతాయి. అంటే ఆయన పని తగ్గించలేదు, ఫ్యాక్టరీకి మార్చాడు. అందులో దాపరికమేమీ లేదు. మన పావుగంట వంటలో ఆ ఫ్యాక్టరీ మనమే. అదొక్కటే ఎవరూ చెప్పరు.

"మరి హోటల్లో ఆర్డరిచ్చిన ఐదు నిమిషాలకే ప్లేటు వస్తుంది కదా" అని అడిగేవాళ్లుంటారు. వస్తుంది. పొద్దున్నే ఇద్దరు ముగ్గురు కూర్చుని డబ్బాల నిండా తరిగిపెట్టారు కాబట్టి వస్తుంది. పైగా వాళ్ల మంట వేరు. పెద్ద చైనీస్ వంటశాలల్లో వోక్ అనే గుండ్రటి మూకుడు కింద మండే బర్నర్ సామర్థ్యం గంటకు లక్ష బీటీయూలు (బీటీయూ అంటే వేడిని కొలిచే కొలమానం), కొన్నిచోట్ల అంతకు పైనే. ఇంటి స్టవ్ మీది మామూలు బర్నర్‌ది పది వేలకు అటూ ఇటూ. దక్షిణ చైనాలోని కాంటనీస్ వాళ్లు వోక్ హే అని మురిసిపోయే ఆ పొగవాసన రుచి ఆ పెద్ద మంట దగ్గర పుడుతుంది. మన దగ్గర పొగ వస్తుంది, వాసన వస్తుంది, రుచి మాత్రం దారిలో ఎక్కడో దిగిపోతుంది.

దీనికి తోడు ఎగరేసే విద్య ఒకటి. వోక్‌లో ఫ్రైడ్ రైస్ ఎగరేసే వంటవాళ్లను వీడియో తీసి, వాళ్ల చేతి కదలికలను లెక్కగట్టి, అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 2020లో ఒక పత్రం ప్రచురించారు. సెకనుకు 2.7 సార్లు ఎగరేస్తున్నారని తేలింది. వోక్‌ను పొయ్యి అంచుకు ఆనించి ముందుకూ వెనక్కీ జరుపుతూనే, పైకీ కిందికీ ఊపుతారట. ఇది చదివాక ఇంట్లో నాన్‌స్టిక్ పెనంతో ప్రయత్నించాలన్న దుర్బుద్ధి పుట్టడం సహజం. మొదటి ఊపుకు నూడుల్స్ కదలవు. రెండో ఊపుకు మొత్తం కలిసికట్టుగా లేచి, కలిసికట్టుగానే స్టవ్ వెనక్కి వెళ్లిపోతాయి. రొయ్యలు మాత్రం విడివిడిగా ఎగురుతాయి, ఎందుకంటే అవి ఖరీదైనవి. అట్లకాడతో కలిపితే సరిపోతుంది, పరువూ దక్కుతుంది. ఇంటి మంట మీద ఒకేసారి అంతా కుమ్మరించకుండా రెండు విడతలుగా వేయిస్తే ఇంకా మేలు. అయితే రెండు విడతలంటే రెట్టింపు సమయం. ఈ మాట పైకి అనకూడదు.

సాసుల గురించి ఎక్కువ చెప్పను. సోయా సాస్ రెండు రకాలు కావాలి: ఉప్పదనానికి లైటు, రంగుకు డార్కు. ఓయిస్టర్లనే ఒక రకం ఆల్చిప్పలతో చేసే ఓయిస్టర్ సాస్ ఒకటి. 1888లో గ్వాంగ్‌డాంగ్‌లో లీ కుమ్ షుంగ్ అనే ఆయన ఓయిస్టర్ల పులుసు పొయ్యి మీద పెట్టి మర్చిపోతే, అది మరిగి మరిగి చిక్కబడి ఈ సాస్ అయిందని కథ. ఆయనకెవరైనా పావుగంట వంట నేర్పి ఉంటే ప్రపంచం ఈ సాస్‌ను చూసేదే కాదు.

ఇప్పుడు అసలు వంట. న్యాయంగా చెప్పాలంటే ఇది నిజంగానే త్వరగా అవుతుంది. నూనె పొగలు కక్కుతుండగా రొయ్యలు పడతాయి. బూడిద రంగు రొయ్య కళ్లముందే గులాబీ రంగులోకి తిరుగుతుంది. ఆ రంగు దానిలో మొదటి నుంచీ ఉన్నదే. ప్రొటీన్ పట్టులో ఇరుక్కున్న అస్టాక్సాంథిన్ అనే వర్ణద్రవ్యం వేడికి విడుదలై బయటపడుతుంది. ఇంగ్లీషు 'సి' ఆకారంలో వంగితే ఉడికినట్టు, 'ఓ' ఆకారంలో చుట్టుకుంటే రబ్బరైనట్టు. 'సి' నుంచి 'ఓ'కి ప్రయాణం నిమిషం కూడా పట్టదు. హాల్లోంచి "నాన్నా, పావుగంటేగా అన్నావ్, ఇంకా అవ్వలేదా?" అన్న కేక సరిగ్గా ఆ నిమిషంలోనే వినిపిస్తుంది. జవాబు చెప్పారా, 'ఓ'. రొయ్యలు తీసి పక్కన పెట్టి, అల్లం, వెల్లుల్లి, ఉల్లికాడల తెల్లభాగం, కూరగాయలు, నూడుల్స్, సాసులు, మళ్లీ రొయ్యలు, పైన తెల్ల మిరియాల పొడి, స్టవ్ ఆపాక నాలుగు చుక్కల నువ్వుల నూనె. మొత్తం నాలుగైదు నిమిషాలు. ఈ నాలుగైదు నిమిషాలనే వీడియో తీసి లోకానికి చూపిస్తారు.

తినడానికి ఇంకో ఆరు నిమిషాలు. "వేడివేడిగా వడ్డించండి" అన్నచోట ప్రతి వంటా ముగిసిపోతుంది. ఆ తర్వాత ఏమైందో ఏ వంటవాళ్లూ చెప్పరు. చెబితే సింకు గురించి చెప్పాల్సి వస్తుంది. రొయ్యల గిన్నె, నూడుల్స్ గిన్నె, చిల్లుల గిన్నె, తెల్ల ఉల్లికాడల గిన్నె, పచ్చ ఉల్లికాడల గిన్నె, సాసులు కలిపిన గిన్నె, రెండు చాకులు, ఒక మూకుడు. తిన్నది ఒక ప్లేటులో.

అందుకని ఈ శ్వేతపత్రం కోరుతున్నది పెద్దదేమీ కాదు. ఫ్రిజ్‌లోంచి రొయ్య బయటికి వచ్చినప్పుడు లెక్క మొదలుపెట్టి, కడిగిన మూకుడు బోర్లించినప్పుడు ఆపాలి. అది కుదరదంటే కనీసం పదార్థాల పట్టికలో రొయ్యల పక్కన వాటిని ఒలిచినవారి పేరు అచ్చువేయాలి. "పొట్టు పారేయకండి, ఇరవై నిమిషాలు మరిగిస్తే సూపులకు పనికొచ్చే చక్కటి స్టాక్ అవుతుంది" అని చివర్లో చిన్న అక్షరాలతో రాసేవాళ్లకు 35 రొయ్యలు, ఒక చాకు ఇచ్చి, పని పూర్తయ్యేదాకా బయటికి వదలకూడదు.

ఇక మిగిలింది పొట్టు. స్టాక్ కాచే ఓపిక లేనివాళ్లు దాన్ని కవరులో కట్టి ఆ రాత్రే బయట పారేయాలి. లేదంటే తెల్లారేసరికి ఇల్లంతా రేవు వాసన. ఇందులో ఎవరికీ అభిప్రాయభేదం లేదు. ఎవరు పారేయాలన్న దగ్గరే ఏకాభిప్రాయం కుదరక, ఈ అంశాన్ని ఇంటిల్లిపాదితో కూడిన ఉపసంఘానికి అప్పగించాం. సమావేశం పెట్టగానే అందరికీ నిద్ర ముంచుకొచ్చింది.