టేబుల్ రోజ్ పొగరు అణచడం ఎలా?

తోటపని చేసేవాళ్ల ఆత్మగౌరవాన్ని టేబుల్ రోజ్ దెబ్బతీసినంతగా మరే మొక్కా తీయదు. జానెడు ఎత్తు కూడా లేకుండా నేలను కరుచుకుని పాకే ఈ గడ్డి గులాబీకి సేవలక్కర్లేదు, పరామర్శలక్కర్లేదు. ఎర్రటి ఎండ, ఇసుక కలిసిన మన్ను ఉంటే చాలు, విరగబూస్తుంది. మరి కత్తెరా, గ్లౌజులూ, బోలెడంత ప్రేమా సిద్ధం చేసుకున్న మనం ఏమైపోవాలి?

పుట్టుక చూస్తే దక్షిణ అమెరికా ఎండు నేలలు. చుట్టరికం చూస్తే గంగవాయిలి కూరతో. 1829లో విలియం జాక్సన్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త దీనికి పోర్చులాకా గ్రాండిఫ్లోరా అని పేరు పెట్టి నెత్తికెక్కించుకున్నాడు. ఇక దించాల్సింది మనమే.

అందుకు నమ్మకమైన ఆయుధం నీళ్లు. ఈ మొక్క ఆ సన్నటి ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుంది. కరువొస్తే రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్‌ను ఆకుల్లో దాచుకునే ఏర్పాటు కూడా చేసుకుంది. ఇంత ముందుచూపు ఉన్నదాన్ని ఎండగట్టి ఓడించలేం. కాబట్టి పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి, మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా పోయండి. పైమట్టి ఆరిందా లేదా అని వేలు పెట్టి చూసే పిరికి పనులు వద్దు. కుండీకి రంధ్రం ఉంటే కింద పళ్లెం పెట్టి నీళ్లు నిలవుంచండి. వేళ్లకు గాలాడక కొన్నాళ్లకు మొదలు దగ్గర కాడ గోధుమరంగుకు తిరిగి, నొక్కితే మెత్తగా చితికిపోతుంది. పైన ఆకులు వడలిపోతాయి. అయ్యో వడలిందే అని ఇంకో చెంబు పోయండి. అసలు పని చేసేది ఆ చెంబే.

ఎరువు దగ్గర పిసినారితనం పనికిరాదు. నత్రజని దండిగా పడితే పచ్చదనమే తప్ప పువ్వు కనబడదు.

పువ్వుల వేళలు మరో తలనొప్పి. ఎండెక్కాక విచ్చుకుంటాయి, సాయంత్రానికల్లా ముడుచుకుంటాయి, మబ్బు పట్టిన రోజున చాలావరకు తెరుచుకోనే తెరుచుకోవు. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క రోజు. చీకటిపడి ఇంటికి చేరేవాళ్లకు ఇంతకన్నా అవమానం ఉందా? కుండీని నీడకు మార్చండి. రోజుకు ఆరు గంటల ఎండైనా తగలకపోతే సరిగా పూయదు. పువ్వే లేకపోతే ముడుచుకునే సమస్యే లేదు కదా.

ఒంటిరెక్క పువ్వును మాత్రం దగ్గరగా చూడకండి. మధ్యలోని పసుపు కేసరాలను దారప్పోగుతో తాకితే, తాకిన వైపుకే మెల్లగా వంగుతాయి. అది చూస్తే మనసు కరిగి ఉద్యమం చెడుతుంది. ముద్దపూలతో ఈ టెన్షన్ తక్కువ.

కత్తెర జోలికి అసలే పోవద్దు. సాగిన కొమ్మ కొస తుంచితే పక్కన గుబురుగా చిగుళ్లు వేస్తుంది, ఆ చిగుళ్ల కొసల్లోనే మొగ్గలు. తుంచిన ముక్కను మట్టిలో గుచ్చితే అదో మొక్క.

ఇవన్నీ శ్రద్ధగా పాటిస్తే మొక్క కుళ్లడం ఖాయం. కుండీని తీసుకెళ్లి గోడవార గుమ్మరిస్తారు. చిక్కంతా అక్కడే. కుళ్లకుండా మిగిలిన ముక్క ఏదో ఒకటి వేళ్లు దింపుకుంటుంది. అది చాలదన్నట్టు చిట్టి కాయలు ఎప్పుడో మూత ఊడి, ఆవగింజ కన్నా సన్నటి బూడిదరంగు గింజలు రాల్చేసి ఉంటాయి. నీళ్లు పోసే దిక్కులేని ఆ గోడవార ఎండలో అది మళ్లీ పూతకొస్తుంది.

అక్కడిదాకా నీళ్ల పైపు అందకపోతే ఇంకాస్త పొడవైనది తెచ్చుకోండి.