బీడీ మానలేదని రోగిని వెలివేస్తారా?

ప్రజల సొమ్ముతో ఒకసారి గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే స్టెంటు వేయించుకుని, అయినా పొగ మానని మనిషికి రెండోసారి కూడా సర్కారే ఎందుకు ఖర్చు పెట్టాలన్న వాదన ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ మధ్య గట్టిగానే వినిపిస్తోంది. నాలుగు గోడల మధ్య అనుకునే ఆ మాటను ఇప్పుడు ఓపీ గదిలో, పది మంది వింటుండగా, రోగి ముఖం మీదే అనేస్తున్నారు. ఆరోగ్యశ్రీకి అలాంటి షరతు ఒకటి పెడితే తప్పేమిటని చదువుకున్నవారే అడుగుతున్నారు. తప్పేమిటో చెప్పవలసిన బాధ్యత ఈ పత్రికకు ఉంది. మానడానికి చేయూత ఇవ్వకుండా మానలేదని శిక్షించాలనుకోవడం కపటం.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక ట్రాక్టర్ డ్రైవరు డిశ్చార్జి కాగితాన్ని మేము చూశాం. మడతల దగ్గర చిరిగిపోకుండా దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ అంటూ ఒక్కొక్క మందు ఎదుట ఎన్ని మిల్లీగ్రాములో, పొద్దున వేసుకోవాలో రాత్రి వేసుకోవాలో అన్నీ రాసి ఉన్నాయి. అట్టడుగున ఇంగ్లీషులో 'స్టాప్ స్మోకింగ్' అని రెండే మాటలున్నాయి. ఆ రెండు మాటలూ ఆయన చదవలేడు. చదివి వినిపించినవారు కూడా ఎట్లా మానాలో చెప్పలేదు. పడుకుంటే తెల్లవారి లేస్తానో లేవనోనన్న బుగులుతో, ఎడమ చేయి కాస్త గుంజినా మళ్లీ అదేనేమోనన్న భయంతో నెల రోజులుగా ఆయనకు నిద్ర లేదు. ఇంట్లోవాళ్లు రంది పెట్టుకోవద్దంటున్నారు, గుండె గట్టి చేసుకోమంటున్నారు. నడిరాత్రి అరుగు మీద కూర్చుని ఆయన బీడీ ముట్టించేది బలుపుతో కాదు, ఆ బుగులు తట్టుకోలేక.

మన పల్లెల్లో రంది, బుగులు అని పిలిచే వాటినే వైద్యులు కుంగుబాటు, ఆందోళన అంటారు. గుండెపోటు వచ్చినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరు తీవ్రమైన కుంగుబాటుకు లోనవుతారని వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చింది. గుండె జబ్బు ఉన్నవారిని కుంగుబాటు కోసం పరీక్షించాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లో సూచించింది. గుండెపోటు తరువాత వచ్చే కుంగుబాటును రోగి పరిస్థితి విషమించడానికి దారితీసే ముప్పుగా లెక్కించాలని 2014లో అదే సంస్థ తెలిపింది. అది శరీరంలో ఏ దారిన గుండెను దెబ్బతీస్తుందన్నది పండితులు చర్చించుకోవలసిన విషయం కావచ్చు గానీ, ఒక దారి మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంది. మనసు కుంగిన మనిషి మందులు సరిగా వేసుకోడు, నడకకు పోడు, చెప్పిన తేదీకి ఆస్పత్రికి రాడు, పొగ మానడు. స్టెంటు వేసిన కొత్తలో రక్తం గడ్డకట్టకుండా ఉంచే మాత్రలు ఆపేస్తే ఆ స్టెంటులోనే గడ్డ ఏర్పడి ప్రాణం మీదికి వస్తుంది.

పొగ మానడం గుండె రోగికి ఎంత మేలో కూడా ఎవరూ కాదనలేరు. గుండె జబ్బు ఉన్నవారు పొగ మానేస్తే మరణం ముప్పు సుమారు 36 శాతం తగ్గుతుందని 2003లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి తేల్చింది. అంత మేలు చేసే పనిని కాగితం అడుగున రెండు మాటలతో సరిపెట్టి, ఆ పైన జరిగేదంతా రోగి మనోబలానికి వదిలేయడాన్ని వైద్యం అనగలమా? పొగాకులో అలవాటు పట్టించే నికోటిన్ మానిన మొదటి వారం నరకం. చిరాకు, గుబులు, నిద్రలేమి, దిగులు ఒక్కసారిగా మీద పడి, రెండు నుంచి నాలుగు వారాల్లో మెల్లగా తగ్గుతాయి. అప్పటికే బుగులుతో ఉన్న గుండె రోగి ఈ బాధను కూడా గుండె జబ్బేననుకుంటాడు. ఒక్క దమ్ము లాగగానే అది తగ్గుతుంది కనుక బీడీ తనకు ధైర్యం ఇస్తోందని నమ్ముతాడు. నిజానికి ఆ దమ్ము తీర్చేది నికోటిన్ తెచ్చిపెట్టిన కొరతనే. అది గుండె వేగాన్ని, రక్తపోటును పెంచి పోతుంది. పొగ మానినవారిలో కొన్ని వారాల తరువాత కుంగుబాటు, ఆందోళన, ఒత్తిడి తాగుతున్నవారిలో కంటే తగ్గుతాయని 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన సమీక్ష చూపింది. ఈ సంగతి ఆ ట్రాక్టర్ డ్రైవరుకు ఎవరైనా చెప్పారా? మొదటి మూడు వారాలు చేయి పట్టుకుని దాటించేవారు ఎవరైనా ఉన్నారా?

ఓపీలో వందల మందిని చూడవలసిన వైద్యుడికి ఒక్కొక్కరితో మాట్లాడే తీరిక ఉండదని, ఎవరి ఆరోగ్యానికి వారే బాధ్యులని అనేవారున్నారు. కుంగుబాటుకు చికిత్స చేసినంత మాత్రాన గుండె రోగుల మరణాలు తగ్గినట్టు 2003 నాటి పెద్ద అధ్యయనంలో తేలలేదని కూడా కొందరు గుర్తు చేస్తారు. తీరిక లేనిది వైద్యుడికి, వ్యవస్థకు కాదు. ఇక ఆ అధ్యయనంలోనే చికిత్స పొందినవారికి కుంగుబాటు తగ్గిందన్న సంగతిని ఎందుకు దాచాలి? మనిషి రాత్రి నిద్రపోగలగడం, పొద్దున లేచి పనికి పోగలగడం లెక్కలోకి రాని లాభమా?

రోగిని నిలదీస్తున్న సర్కారు తాను చేసినదేమిటో కూడా చెప్పాలి. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న తొలుత మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణ ప్రభుత్వం దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షల రూపాయలకు పెంచింది. స్టెంటుకు అంత ఉదారంగా తెరుచుకునే ఖజానా, రోగితో అరగంట కూర్చుని మాట్లాడే ఒక సలహాదారు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మూసుకుపోతుంది? పొగకు బదులు గమ్ వంటి వాటితో కొద్దిగా నికోటిన్ ఇస్తూ మాన్పించే నికోటిన్ ప్రత్యామ్నాయ చికిత్స 2022లో జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరింది. ఆ నికోటిన్ గమ్ మన ఆస్పత్రి మందుల కిటికీలో అడిగితే ఇస్తారా? పొగాకు మానాలనుకునేవారి కోసం 1800-11-2356 నంబరును 2018 నుంచి ప్యాకెట్ల మీద ముద్రిస్తున్నారు. కానీ డబ్బా దగ్గర విడిగా ఒక సిగరెట్టో రెండు బీడీలో కొనుక్కునే కూలీకి ఆ ప్యాకెట్ కనిపించేదెప్పుడు? మానసిక సాయానికి 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరు గురించి గుండె రోగులకు చెప్పే గోడ పత్రిక ఒక్కటైనా వార్డులో అతికించారా?

పన్నుల సంగతి మరీ విచిత్రం. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీల మీద పన్నును 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. బీడీలు చుట్టే మహిళల బతుకుదెరువు ఇందుకు కారణమంటే వారి గోడును మేము తక్కువ చేయం. ఆ మహిళలకు మరో జీవనోపాధి చూపడం కూడా సర్కార్ల పనే కదా. అటు బీడీని చౌక చేసే నిర్ణయం తీసుకుని, ఇటు బీడీ తాగినవాడికి వైద్యం ఆపాలనడంలో ఏ నీతి ఉంది? ఫ్లోరైడ్ నీళ్లు ఎందుకు తాగారని ఫ్లోరైడ్ పీడిత నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రజలను అడిగిన చందంగా ఉంది ఈ తీరు.

చేయవలసినదానికి పెద్ద బడ్జెట్లు అక్కరలేదు. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు దిగులుగా, నిరాశగా ఉందా అన్న రెండు ప్రశ్నలు స్టెంటు వేసుకున్న ప్రతి రోగినీ అడగడానికి ఒక స్టాఫ్ నర్సుకు రెండు నిమిషాలు చాలు. అవునన్నవారిని మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో సర్కారు వైద్య కళాశాలలున్నాయి కనుక హైదరాబాద్ పొమ్మనవలసిన అవసరం లేదు. గుండె రోగులకు కుంగుబాటు తగ్గించే సెర్ట్రలిన్ వంటి మందు సురక్షితమేనని 2002లోనే తేలింది కనుక భయపడవలసింది కూడా లేదు. డిశ్చార్జి కాగితంలో పొగ మానే తేదీని, నికోటిన్ గమ్ మోతాదును, ఫోను నంబరును తెలుగులో రాయాలి. వారం తిరగకుండా ఆశా కార్యకర్త ఆ ఇంటికి పోయి ఎట్లా ఉన్నావని అడగాలి.

ఇవేవీ చేయకుండా, ఓపీలో అందరి ముందు రోగి పరువు తీయడమే సంస్కరణ అనుకుంటున్న అధికారులు ముందు తమ ఆస్పత్రి గేటు దాకా నడిచి రావాలి. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషిద్ధమని, రెండు వందల రూపాయల దాకా జరిమానా అని రాసిన బోర్డు కింద ఎంతమంది దమ్ము లాగుతున్నారో, ఆ పక్కనే సిగరెట్లు విడిగా అమ్ముతున్న డబ్బా ఎవరి అండతో నడుస్తోందో చూడాలి. దాన్ని తీయించలేనివారు ట్రాక్టర్ డ్రైవరు రెండో స్టెంటు గురించి నోరెత్తడం సిగ్గుచేటు.