పర్యావరణహిత రవాణా ధనికుల సరదా కాదు

"బస్సులకు ప్రత్యేక మార్గాలు, సైకిలు దారులు, రద్దీ ప్రాంతాల్లోకి వచ్చే కార్లపై రద్దీ రుసుము, ఇవన్నీ ధనికుల సరదాలు. భారం పేదలపై పడుతుంది, దుకాణాలు మూతపడతాయి, కార్మికులు వీధిన పడతారు." ఈ వాదన విరివిగా వినిపిస్తోంది. చివరి మాటలో కొంత నిజముంది. మిగిలినవి నిలబడవు.

పేదల పేరు చెప్పి కార్లను సమర్థించడమే నాకు అన్నిటికన్నా బాధ కలిగిస్తుంది. కారు కొనలేనివారు నడుస్తారు, సైకిలు తొక్కుతారు, బస్సెక్కుతారు. యాభై మందిని మోసే బస్సు ఒక్కొక్కరే కూర్చున్న కార్ల వెనక ఇరుక్కుంటే కూలి పోగొట్టుకునేది వారే. కూలితో ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో సుమారు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. వారిలో సగానికి పైగా పాదచారులు, సైకిళ్లపై, మోటారు సైకిళ్లపై వెళ్లేవారే. నూటికి తొంభైకి పైగా మరణాలు అల్ప, మధ్యాదాయ దేశాలవే. ఇప్పటి పద్ధతికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో ఇంకా అడగాలా? కొలంబియాలోని మెడెలిన్ నగరం 2004లో కొండవాలు పేదవాడలను మెట్రోతో కలుపుతూ తీగలపై వేలాడుతూ వెళ్లే కేబుల్ కార్లు నడిపింది. వాటిలో ఎక్కినవారు ధనికులేం కాదు.

రద్దీ రుసుము విషయంలో అడగవలసిన ప్రశ్న వేరు: వసూలైన డబ్బు ఎటు పోతోంది? లండన్‌లో 2003లో రుసుము మొదలైనప్పుడు ఆ ఆదాయాన్ని రవాణాకే వెచ్చించాలని చట్టం నిర్దేశించింది. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 2006లో ప్రయోగాత్మకంగా పెట్టినప్పుడు మొదట ప్రజలు వ్యతిరేకించారు. రుసుము పరిధిలోకి వచ్చే వాహనాలు దాదాపు ఐదో వంతు తగ్గడం కళ్లారా చూశాక, అదే ఏడాది జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో నగరవాసుల్లో ఎక్కువమంది దానికే ఓటు వేశారు.

దుకాణాల సంగతి చిన్నది. సరుకు కొనేది మనిషి, కారు కాదు. ఒక కారు నిలిపే చోట పది సైకిళ్లు పడతాయి, అంటే కొనేవారూ అంతమంది రావచ్చు.

ఇక ఉపాధి. ఎలక్ట్రిక్ బస్సుకూ డ్రైవరు కావాలి, బస్సులు పెరిగితే డ్రైవర్లూ పెరుగుతారు. చైనాలోని షెంజెన్ 2017 చివరికి పదహారు వేలకు పైగా బస్సులను ఎలక్ట్రిక్‌కు మార్చింది. వాటిని నడిపిందీ మనుషులే. దెబ్బ తగిలేది ఇంజిన్ మెకానిక్‌లకు, విడిభాగాలు చేసేవారికి. ఎలక్ట్రిక్ మోటారులో కదిలే భాగాలు చాలా తక్కువ, ఆయిలు మార్చే పని ఉండదు. వారి భయం న్యాయమైనది. కొత్త బస్సులకు టెండరు పిలిచే రోజునే వారి శిక్షణకు, శిక్షణ కాలంలో జీతానికి కూడా డబ్బు కేటాయించమని ప్రభుత్వాలను నిలదీయాలి.