సవరణ: టీఎఫ్‌ఈబీని పెంచింది మెదడులో కాదు, కండరంలో

కాన్‌స్టాంజా కోర్టెస్ బృందం 2023లో ప్రచురించిన ఎలుకల పరిశోధన గురించి రాస్తూ, మెదడులో టీఎఫ్‌ఈబీ అనే ప్రొటీన్‌ను పెంచారని చెప్పాం. అది తప్పు. జన్యుమార్పుతో పెంచింది అస్థికండరంలో (ఒంటిని కదిలించే కండరంలో) మాత్రమే. ఫలితం మెదడులో కనబడటమే ఈ పనిలోని అసలు విశేషం. దాన్నే మేం పోగొట్టాం.

టీఎఫ్‌ఈబీ హార్మోన్ కాదు, రక్తంలో తిరగదు. కణంలోని చెత్తను అరిగించే సంచులైన లైసోజోముల జన్యువులను నడిపించే ప్రొటీన్ అది. కణానికి పోషకాలు బాగా అందుతున్నప్పుడు పోషకాలను పసిగట్టే ఎంటార్ అనే మరో ప్రొటీన్ దానికి ఫాస్ఫేట్ తగిలించి కేంద్రకం బయటే ఆపేస్తుంది. పోషకాలు తగ్గితే లోపలికి వెళ్లి, కణంలోని చెత్తను శుభ్రం చేసే పని మొదలుపెట్టిస్తుంది. కాబట్టి మెదడుకు కబురు మోసేవి కండరం విడుదల చేసే వేరే ప్రొటీన్లు అనుకోవాలి.

'అల్జీమర్స్ తగ్గింది' అన్న మాటా తీసేశాం. వ్యాధి నమూనాగా వాడినవి, నాడీకణాల్లో ఉండే మానవ టౌ ప్రొటీన్‌లో పీ301ఎస్ అనే జన్యుమార్పు ఉన్న ఎలుకలు. ఆ మార్పు మనుషుల్లో తెచ్చేది ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అనే వేరే రకం మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ కాదు. ఆ ఎలుకల హిప్పోక్యాంపస్‌లో (మెదడులో జ్ఞాపకశక్తికి కీలకమైన భాగంలో) టౌ పేరుకోవడం, మెదడులోని రక్షణ కణాలైన మైక్రోగ్లియా ఉద్రేకం తగ్గాయి, అంతే. 'టీఎఫ్‌ఈబీ పెంచే' మాత్రల గురించి ఈ పరిశోధన ఏమీ చెప్పదు.