మహారాజశ్రీ ఎత్తుగీత గారికి

ఊరి చివరి వినోదాల పార్కు గేటు పక్కన, గోడ మీద కొలువై ఉన్న మహారాజశ్రీ ఎత్తుగీత గారికి, ఇద్దరు పిల్లల తండ్రి నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

ఉభయకుశలోపరి. నిజానికి మీ కుశలం అడగనక్కరలేదు. నేల నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తున మిమ్మల్ని ఎర్రరంగుతో గీసి వెళ్ళారు, అప్పటినుంచీ అక్కడే ఉన్నారు. పెరగరు, తరగరు. రంగు వేసినప్పుడల్లా కాస్త లావెక్కుతారు, అంతే. మీకు దిగువన 90 దగ్గర మీ తమ్ముడున్నాడు. వాడికన్నా పొట్టివాళ్ళకు టికెట్ లేదు. వాడికీ మీకూ మధ్య ఇమిడినవాళ్ళకు పిల్లల టికెట్. మిమ్మల్ని వెంట్రుకవాసి దాటినా పూర్తి టికెట్. లోపల, మనుషుల్ని తలకిందులు చేసే యంత్రాల దగ్గర, 120 మీద మీ చెల్లెలు కాపురముంటోంది. ఆవిడ సంగతి కాసేపాగి చెబుతాను.

మీరు గోడ దిగి మా ఇళ్ళకు వచ్చి చూసి ఉండరు. అక్కడ ఏడాది పొడవునా ఒకటే తాపత్రయం, పిల్లలు పొడుగవ్వాలి. ఎత్తు పెంచుతుందని డబ్బా మీద బొమ్మ వేసిన పొడిని పాలలో కలిపి, బతిమాలీ బెదిరించీ తాగిస్తాం. తలుపు పైన ఇనుపకడ్డీ బిగించి వేలాడమంటాం. నేల మీద పడుకున్న పిల్లవాణ్ణి ఎవరైనా చూసుకోక దాటితే, మా అత్తయ్యగారు ఆ మనిషిని అక్కడికక్కడే ఆపి వెనక్కు దాటిస్తారు. లేకపోతే పిల్లవాడు ఎదగడట. పక్కింటావిడ "అబ్బో, మీ అమ్మాయి ఎంత పొడుగైపోయిందో" అని ఒక్క మాట అంటే చాలు, ఆ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ దిగదుడుపుకు బయలుదేరతాయి. ఇంత పెట్టుబడి పెట్టి పెంచిన ఎత్తును ఆదివారం పొద్దున మీ ముందుకు తీసుకొచ్చి, ఎవరికీ కనబడకుండా దాచేస్తాం.

ఆ దాచే విద్య మీకు కొత్త కాదు, రోజూ చూస్తున్నదే. బూట్లు విప్పించే తండ్రులు. నడినెత్తిన వేసిన ముడిని ఊడదీసి, వెనక జడగా అల్లేసే తల్లులు. "మెడ లోపలికి లాక్కోరా" అని చెవిలో ఊదే బాబాయిలు. వీటన్నిటికన్నా ఘనమైనది మోకాళ్ళ విద్య. వీపును గోడకు ఆనించి, పొడుగు పావడా మాటున మోకాళ్ళు కాస్త వంచి, ఏమీ ఎరగని ముఖంతో నిలబడటం. మా చిన్నప్పుడు ఎక్కాలు తప్పు చెబితే మాస్టారు ఇదే భంగిమను గోడకుర్చీ అనే శిక్షగా వేయించేవారు. మీ దగ్గర అది రాయితీ పథకం.

ఈ విద్యకు ఆదిగురువు వామనమూర్తి. బలి చక్రవర్తి యాగశాల గేటు దగ్గర మీరే ఉండి ఉంటే, ఆయన నిస్సంకోచంగా పిల్లల టికెట్ మీద లోపలికి నడిచేవాడు. వెళ్ళాక ఎంత పెరిగాడో మూడు లోకాలకూ తెలుసు. లెక్క సరిగా చూడబోయిన శుక్రాచార్యుడికి చివరికి కన్ను పోయింది. మీ పక్కన కుర్చీలో కూర్చునే కుర్రవాడు పిల్లల మోకాళ్ళ వంక ఎప్పుడూ చూడకపోవడానికి ఈ కథ తెలిసి ఉండటమే కారణమనుకుంటాను.

మా అమ్మాయికి పదేళ్ళు. వాళ్ళమ్మ కళ్ళతో సైగలు చేస్తూనే ఉంది. పిల్ల మాత్రం మడమలు గోడకు ఆనించి, గడ్డం పైకెత్తి, జెండా వందనానికి నిలబడినట్టు నిలబడింది. కుర్రవాడు నెత్తిన అట్ట పెట్టి చూశాడు. 141. "నాన్నా, నేను ఫుల్లు!" అని వరస మొత్తానికి వినబడేలా అరిచింది. వెనక నిలబడ్డ తండ్రులు నా వంక జాలిగా చూశారు. ఆ సెంటీమీటరును పెంచిన పొడి డబ్బా ధరా, ఆ సెంటీమీటరుకు నేను కట్టిన తేడా డబ్బూ రమారమి సమానం. పిల్ల లోపలికి వెళ్ళాక ఫుల్లుకు తగ్గట్టే నడుచుకుంది. ఐస్‌క్రీము తమ్ముడితో పంచుకోనంది, కిటికీ పక్క సీటు తన హక్కు అంది. తడిబట్టల సంచి మోయాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇంకా చిన్నపిల్లే.

మా వాడి విషయంలో మీ కుటుంబం చేసింది ఇంతకన్నా అన్యాయం. మనిషి పొద్దున లేచేసరికి కాస్త పొడుగ్గా ఉంటాడు, సాయంత్రానికి కాస్త తగ్గుతాడు. రోజంతా నిలబడి, నడిచి, గెంతేసరికి వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ళలు అణుగుతాయి. ఆ తేడా ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. ఇప్పుడు మీ ఏర్పాటు చూడండి. టికెట్ కొనేది పొద్దున, మనిషి నిండు ఎత్తులో ఉన్నప్పుడు. యంత్రం ఎక్కేది మధ్యాహ్నం దాటాక, వరసల్లో నిలబడీ నిలబడీ వెన్ను కుదించుకుపోయినప్పుడు. ఏడో ఏట ఉన్న మా వాడు పొద్దున ఇంట్లో కొలిస్తే సరిగ్గా 120. నాలుగు గంటలకు మీ చెల్లెలి ముందు నిలబెడితే 119. పొద్దున మోకాళ్ళు వంచమన్న నోళ్ళే అక్కడ "మడమలెత్తరా, జుట్టు పైకి దువ్వుకో" అంటున్నాయి. మా ఆవిడ ముందుచూపుతో బూట్లలో రెండు జతల మేజోళ్ళు తొడిగింది. కుర్రవాడు బూట్లు విప్పమన్నాడు. మా వాడు ముందు మా వంక, తరువాత గీత వంక చూసి, "అసలు నేను పొట్టిగా ఉండాలా, పొడుగ్గా ఉండాలా?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. వరసలో మా వెనక ఉన్నవాళ్ళ దగ్గరా లేదు.

మీ చెల్లెలితో మాత్రం నేను పోట్లాడను. ఆవిడ మాట కఠినమే, కానీ అందులో న్యాయం ఉంది. ఇద్దరికీ కలిపి ఒకే కడ్డీ దిగే బండిలో నన్నూ మా వాణ్ణీ కూర్చోబెడితే, ఆ కడ్డీ నా పొట్ట దగ్గర ఆగిపోతుంది. పక్కన వాడి ఒడికీ కడ్డీకీ మధ్య మిగిలే జాగాలో ఇంకొక పిల్లవాడు పడతాడు. బండి తలకిందులైతే కడ్డీ పట్టి ఉంచేది నన్ను, వాణ్ణి కాదు. పట్టీలూ కడ్డీలూ సరిపోవాలంటే చూడాల్సింది ఒంటి కొలత, పుట్టినరోజు కాదు. వాడు ఏడ్చినా నేను గేటు కుర్రవాడిని బతిమాలలేదు. బతిమాలుతున్న ఒక పెద్దమనిషిని చూసి భయమేసింది కూడా. ఒక్క సెంటీమీటరే కదా అంటున్నాడు. ఆయన పొట్ట నాకన్నా పెద్దది.

కానీ మహారాజా, మీరు కాపాడేది ఎవరిని? గల్లాపెట్టెను. నడిచి వెళ్ళే గేటుకు పట్టీలున్నాయా, కడ్డీలున్నాయా? అయినా మీరు కొలతకు కట్టుబడి ఉంటే అదీ ఒప్పుకునేవాణ్ణి. ఆ సంగతి మా అత్తయ్యగారి దగ్గర తేలిపోయింది. ఆవిడ ఎత్తు 137. మనవరాలి గొడవంతా చూసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తానే వెళ్ళి మీ కింద నిలబడ్డారు. మోకాళ్ళు వంచలేదు, వంగవు కూడా. మీకూ ఆవిడ నెత్తికీ మధ్య మూడు సెంటీమీటర్లు ఖాళీ. "చూడు బాబూ, నాకు పిల్లల టికెట్ ఇయ్యి" అన్నారు. "పెద్దవాళ్ళకు ఎత్తు చూడమమ్మా, వయసు చూస్తాం" అన్నాడు కుర్రవాడు. "అయితే మా మనవరాలికీ వయసే చూడు, పదేళ్ళు." "పిల్లలకు వయసు చూడమమ్మా, ఎత్తు చూస్తాం." వయోవృద్ధుల రాయితీ ఉందట, దానికి ఆధార్ కార్డు కావాలట, అది ఇంట్లో బీరువాలో ఉంది. "మరి ఈ గీత ఎవరికోసం గీశారయ్యా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు సమాధానం రాకముందే వెనక నుంచి "జరగండి, జరగండి" అన్నారు. ఆవిడకు పూర్తి టికెట్ కొట్టారు. ఆవిడ ఒక్క యంత్రమూ ఎక్కలేదు. చెట్టు కింద సంచులకు కాపలా కూర్చున్నారు.

మిగతా లోకం పిల్లతనాన్ని ఎలా లెక్కగడుతుందో మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. పురావస్తు శాఖవారు చార్మినార్ దగ్గరా గోల్కొండ దగ్గరా 15 ఏళ్ళు నిండనివాళ్ళను టికెట్ లేకుండా వెళ్ళనిస్తారు. గోల్కొండ కోట ద్వారం ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి, అది పైన కొండ మీది బాలాహిస్సార్ దాకా వినబడిందా అని మా పిల్లలు అరిచి అడుగుతూ ఉంటే ఎవరూ అట్ట పట్టుకుని రాలేదు. ఆర్టీసీలో ఐదు నుంచి పన్నెండేళ్ళ దాకా అర టికెట్, ఆ వయసు తేల్చేది కండక్టరు గారి చూపు. ఆ చూపుకు మోకాళ్ళు వంచినా దండగే. రైలులోనూ అవే ఏళ్ళు. కాకపోతే 2016 ఏప్రిల్ 21 నుంచి పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాలి. అందుకని రాత్రంతా వాడి కాళ్ళు నా ముఖం మీద ఉంటాయి. అంటే పదేళ్ళ మా అమ్మాయి గోల్కొండలో పసిపిల్ల, ఆడపిల్లలకు ఉచితం కాని ఆర్టీసీ బస్సులో సగం మనిషి, రైలులో విడిగా బెర్తుంటే పూర్తి మనిషి, లేకుంటే సగం, మీ దగ్గర ఎప్పుడూ ఫుల్లు. ఇంట్లో మాత్రం ఒంటరిగా వీధి చివరి కొట్టుకు పంపించడానికి కూడా మాకు ధైర్యం చాలదు.

మీ మీద ఇంత కోపం దేనికంటే, మీ గోడ దగ్గర తప్ప బయట పిల్లల ఎత్తును ఎవరూ పట్టించుకోరు. పిల్లలకు చూపించేవన్నీ పెద్దవాళ్ళ కళ్ళకు సరిపోయేటట్టు కట్టారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట గంటకూ గడ్డం బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ఉందా, మధ్యాహ్నం పన్నెండు దెబ్బలు చూద్దామని జనం మూగుతారు. మా వాడికి కనిపించినవి గడియారం కాదు, ముందు వరసలోని వాళ్ళ చేతిసంచులు. హైదరాబాదు జూ పార్కు 380 ఎకరాలు. అక్కడ కంచె అవతలి ఏనుగు కనబడాలంటే వాడు ఎక్కాల్సింది నా భుజమే. మీరు కొలిచేది ఎత్తు, మేము మోసేది బరువు. భుజం మీద ఎక్కాక వాడి నెత్తి రెండు మీటర్లు దాటుతుంది. ఆ ఎత్తుకు టికెట్ తీసుకోవాలన్న ఆలోచన ఇంకా మీ వాళ్ళకు రానందుకు సంతోషం. నేను చెప్పినట్టు చెప్పకండి.

విశాఖ బీచిలో కురుసుర జలాంతర్గామి చూశారా? 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డుకు చేరి మ్యూజియమైంది. 91 మీటర్ల పొడవున గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులే. పెద్దవాళ్ళు నడుము వంచి, తల దించి, ఒక కాలు అవతల పెట్టి, రెండోది లాక్కోవాలి. పిల్లలు కుందేళ్ళలా దూకి అవతలి గదిలో ఉంటారు. మా వాడు నాలుగో తలుపు అవతల నిలబడి, నడుము పట్టుకున్న నన్ను చూసి, "మోకాళ్ళు వంచు నాన్నా, ఇంకొంచెం వంచు" అన్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పనక్కరలేదు.

కాబట్టి నా విన్నపం చిన్నది. మీరు కొలతే అయితే అందరికీ కొలతగా ఉండండి, అత్తయ్యగారికి కూడా. లేదా వయసు అడగండి, మా పిల్లలే గట్టిగా చెబుతారు. మేము ఒక ఏడాది తగ్గించి చెప్పబోతే సరిదిద్దే బాధ్యత కూడా వాళ్ళే తీసుకుంటారు. రెండూ కుదరకపోతే కనీసం టికెట్ కొలతలు సాయంత్రం, యంత్రాల కొలతలు పొద్దున పెట్టించండి. దానికి ఖర్చేమీ లేదు.

ఇట్లు,
మూడు ఫుల్లులు, ఒక హాఫు, ఒక వివాదాస్పద టికెట్‌తో కూడిన కుటుంబం తరఫున,
సంచులు మోసే వ్యక్తి

తా.క.: వయసు పెరిగేకొద్దీ మనిషి ఎత్తు తగ్గుతుందని ఎవరో అత్తయ్యగారికి చెప్పారు. మొన్న కొలిపించుకున్నారు, 136. ఇంట్లో ఎవరూ దిష్టి తీయలేదు, ఆవిడే స్వీటు పంచారు. దసరా సెలవుల్లో మళ్ళీ వస్తున్నాం, ఆధార్ కార్డు ఈసారి కూడా బీరువాలోనే ఉంటుంది.